పిలవకూడని పేరు

తలుపు తీసిన మనిషి “రండి వదినగారూ” అనవలసింది. అనలేదు. చేతిలోని చేట అలాగే పట్టుకుని గడపలో నిలబడిపోయి, సత్యవతి ముఖంలోకి తేరిపార చూసి, “నేస్తం” అంది.

అక్కడ కాస్త ఆగుదాం.

బొబ్బిలి హైస్కూల్లో తెలుగు చెప్పే నరసింగరావు, ఆయన భార్య సత్యవతి, ఒక్కగానొక్క కూతురు నీలవేణికి వచ్చిన సంబంధం ఖాయం చేసుకునే ముందు పెళ్లికొడుకు ఇల్లు చూసుకుందామని ఆ మధ్యాహ్నం కళింగపట్నంలో బస్సు దిగారు. పెళ్లికొడుకు జగన్నాధం బొబ్బిలిలోనే పశువుల డాక్టరు. వీళ్ల గేదెకు జబ్బు చేస్తే చూడడానికి వచ్చాడు. గేదె లేచి పాలిస్తున్నా రావడం మానలేదు. కుర్రవాడు వీళ్లకు నచ్చాడు. నీలవేణికి నచ్చాడా అని ఇంట్లో ఎవరూ అడగలేదు, అందరికీ తెలుసు. ఇక చూడవలసింది అతని తల్లి దేముడమ్మను. మధ్యవర్తి చెప్పిన ఆ పేరు సత్యవతి అంతకు ముందు వినలేదు. వినని పేరు వెనక తన చిన్నతనం దాక్కుని ఉంటుందని ఎవరు మాత్రం అనుకుంటారు?

“ఏటి నేస్తం, అలగ సూస్తన్నావు? పోల్సుకోలేదేటి?” అంది దేముడమ్మ.

పోల్చుకోకేం. మనిషి ఒళ్లు చేసింది, ముందు జుట్టు నెరిసింది, ముక్కుపుడక మారింది. కాని ‘నే’ దగ్గర సాగదీసి చివర తేల్చేసే ఆ పిలుపు, నరసన్నపేటలో గోడ అవతలి నుంచి రోజూ పొద్దున్నే వినిపించిన ఆ పిలుపు, ఎక్కడికి పోతుంది?

“ఓలమ్మ, నువ్వేటే ఇక్కడ?” అంది సత్యవతి.

నరసింగరావు చప్పున వెనక్కి తిరిగి చూశాడు, ఆ మాట అన్నది ఇంకెవరోనని. ఆయన ఇంట్లో ‘ఏటి’కి ప్రవేశం లేదు. ఏటి అంటే ఏరు యొక్క అని అర్థం, ప్రశ్న వెయ్యాలంటే ‘ఏమిటి’ అనాలి అని పెళ్లయిన కొత్తలో భార్యకు చెప్పాడు, తరవాత కూతురికి చెప్పాడు. ఇద్దరూ శ్రద్ధగా నేర్చుకున్నారు. నేర్చుకున్నదంతా ఇప్పుడు ఒక్క గాలికి ఎగిరిపోయింది.

చేట జారి ఉలవలు గుమ్మం నిండా దొర్లాయి. ఇద్దరాడవాళ్లూ వాటిని తొక్కుకుంటూనే ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. పాదాల కింద ఉలవలు జారుతుంటే పడిపోకుండా ఒకరి భుజం ఒకరు గట్టిగా పట్టుకోవలసి వచ్చింది. అందుకు నవ్వు వచ్చింది. నవ్వుతూ ఉండగా ఏడుపూ వచ్చింది.

నేస్తం కట్టడమంటే స్నేహం చెయ్యడం కాదు. స్నేహం చేస్తే చేస్తాం, మానితే మానేస్తాం. నేస్తం కట్టాక మానడానికి లేదు. శ్రీకూర్మంలో డోలోత్సవానికి వెళ్లినప్పుడు సత్యవతి నాయనమ్మ ఇద్దరు పిల్లలనూ స్వామి ఎదుట నిలబెట్టింది. ఒకరి జడలో ఒకరి చేత చేమంతిపువ్వు పెట్టించింది, ఒకరి నోట్లో ఒకరి చేత ప్రసాదం పెట్టించింది. ఇక మీదట మీరిద్దరూ ఒక తల్లి పిల్లలు, పేరు పెట్టి పిలుచుకోకూడదు అని చెప్పింది. ఆ క్షణం నుంచి ఇద్దరికీ పేర్లు పోయాయి. నువ్వూ నేస్తమే, నేనూ నేస్తమే. పండక్కి ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి పసుపూ పువ్వులూ వచ్చేవి, ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి రవికెల గుడ్డ వెళ్లేది. తరవాత నేస్తానికి పెళ్లయింది. అదే ఏడు సత్యవతి తండ్రి వ్యాపారం బొబ్బిలికి మారింది. నేస్తాన్ని ఎక్కడో సముద్రం దగ్గర ఇచ్చారని మాత్రం తెలుసు. సముద్రం బారువలోనూ ఉంది, భావనపాడులోనూ ఉంది.

“నా పెళ్లికి రాలేదు నువ్వు,” అంది దేముడమ్మ, కన్నీళ్లు తుడుచుకోకుండానే.

“నాకు తట్టు పోసింది. వేపాకుల మీద పడుకోబెట్టారు.”

“నాకెవులూ సెప్పలేదు. మేనా ఎక్కినంతసేపూ మీ గుమ్మం కేసే సూసినాను. మీ తలుపేసున్నాది.”

“తలుపేసి ఉంచారు, గాలి తగలకూడదని.”

“అదా,” అంది దేముడమ్మ. ఇన్నేళ్లుగా లోపల పెట్టుకున్నది కాబోలు, చాలా మెల్లిగా అంది. “అదన్నమాట.”

ఇల్లు చూడడమంటే గోడలు చూడడం కాదని సత్యవతి అభిప్రాయం. వంటింట్లో మసిగుడ్డ చూస్తే చాలు, ఆ ఇంటి ఇల్లాలు తెలుస్తుంది. బస్సులో వస్తున్నంతసేపూ ఏమేం గమనించాలో అనుకుంటూనే వచ్చింది. కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లాక ఆ పరీక్ష పెట్టాలన్న సంగతే మరిచిపోయింది. అయినా అలవాటైన కళ్లు వాటి పని అవి చేశాయి. మసిగుడ్డ ఉతికి ఆరేసి ఉంది. ఉప్పుగాలికి ఇత్తడి పూటపూటకీ పచ్చబడిపోయే ఊళ్లో ఈ ఇంటి బిందె అద్దంలా ఉంది. చింతపండు పెట్టి రోజూ తోమే చెయ్యి ఉంటే తప్ప అలా ఉండదు. గడపల వార ఇసక లేదు. సముద్రం పెరటి సరుగుడు చెట్ల అవతలే ఉండగా ఇంట్లో ఇసక లేకపోవడం చిన్న విషయం కాదు. నా పిల్ల ఈ వంటింట్లో సుఖంగా ఉంటుంది అనుకుంది సత్యవతి. అనుకుని, ఈ వంటింటిని ఇలా ఉంచింది నా నేస్తమే కదా అనుకుంది. రెండు సంతోషాలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడితే మనిషి కాస్త తూలుతుంది. ఆమె తలుపు పట్టుకుంది.

పంచలో పీటలు వేశారు. దేముడమ్మ భర్త గంగులు నాయుడు కొబ్బరి వ్యాపారి, తక్కువ మాటల మనిషి. వచ్చిన దగ్గర నుంచి చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు. గోడ వార చాప మీద కూర్చుని దేముడమ్మ అత్తగారు దీపారాధన వత్తులు చేస్తోంది. ఎండిన ఖర్జూరంలాంటి మనిషి. ఊళ్లో ఏ ఇంట్లో శుభకార్యం తలపెట్టినా, ముందు ఏది దంచాలో, ఎవరి చేత దంచించాలో ఆమెనే వచ్చి అడుగుతారు. చెవులు సరిగా వినపడవని ఇంట్లో అందరి నమ్మకం. వినదలచుకున్నవి వినపడతాయని దేముడమ్మ ఒక్కత్తెకే తెలుసు.

దేముడమ్మ వేడి వేడి పొంగడాలు తెచ్చి వడ్డిస్తూ, “తినండి బావా. ఇంకో రెండేసుకోండి. సల్లగాలికి ఆకలేస్తాది,” అంది.

నరసింగరావు చమత్కారి. దొరికిన మాటను వదలడం ఆయనకు చేతకాదు.

“గడప దగ్గర అన్నయ్యగారిని కావలసినవాణ్ణి. పీట మీదికి వచ్చేసరికి బావనైపోయాను. ఈ ఊళ్లో గుమ్మం దాటితే వరసలు మారిపోతాయా అండీ?” అన్నాడు.

గంగులు నాయుడు పైకే నవ్వాడు. దేముడమ్మ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. “వియ్యపురాలి పెనిమిటైతే అన్నయ్య. నా నేస్తం పెనిమిటైతే మరి బావే కదా,” అంది.

గోడ వార వత్తులు చేస్తున్న చేతులు ఆగాయి.

“కోడలా,” అంది ముసలమ్మ. “ఆ బాబు నీకేటవుతాడన్నావు?”

“బావ, అత్తా.”

“బావ కూతురు నీకేటవుతాది?”

“కూతురే,” అంది దేముడమ్మ. పొంగడాల పళ్లెం ఆమె చేతిలో అలాగే ఉండిపోయింది. మాట నోట్లోంచి వెళ్లిపోయాక, వెళ్లిపోయిందని తెలిసింది.

“నీ కూతురు నీ కొడుక్కేటవుతాది?”

పెరట్లో సరుగుడు చెట్లలో గాలి ఒక్కటే వినిపించింది.

అన్నా చెల్లెలూ. సత్యవతి మనసులో ఆ మాట తనంత తానే వచ్చి కూర్చుంది. గుమ్మంలో నేస్తాన్ని చూసిన క్షణమే అది రావలసింది. సంతోషం దాన్ని అడ్డుకుంది, అంతే.

నరసింగరావు మాత్రం ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. “అమ్మా, ఇదేం వరసండీ? గోత్రాలు వేరు, ఇంటిపేర్లు వేరు, ఊళ్లు వేరు. చిన్నపిల్లలు జాతరలో పువ్వులు పెట్టుకుంటే రక్తం కలుస్తుందా?”

“సామి ముందట ఒకత్తి నోట్లో ఒకత్తి పెసాదం ఎట్టుకుంతే కలస్తాది బాబూ. కలవదనుకుంతే మీ ఆవిడినడుగు.”

గంగులు నాయుడు గొంతు సవరించుకున్నాడు. “ఆ కాలం ఏరే అమ్మా.”

“ఈల్ల నేస్తరికం ఏ కాలంలోదిరా? ఇందాక గుమ్మంలో ఉలవలు తొక్కీసి ఏడిసినారే, ఆ ఏడుపు ఏ కాలంలోది? ఏడుపు ఇప్పటిది, వరసేటో అప్పటిదా?”

గంగులు నాయుడు, రేవు దీపస్తంభం చూద్దురు గాని రండి మాస్టారూ అని నరసింగరావును లేవదీశాడు.

నరసింగరావు చెప్పులు వేసుకుంటూ భార్యను అరుగు చివరికి పిలిచాడు. “నువ్వేమీ మనసులో పెట్టుకోకు సత్యా. పెద్దావిడ చాదస్తం. రేపు ముహూర్తాల మాట ఎత్తితే ఆవిడే సర్దుకుంటుంది.”

“పుస్తకంలో సంధి తప్పు పడితే మీరు సర్దుకుంటారా?”

“అదీ ఇదీ ఒకటా?”

“ఎవరూ చూడకపోయినా తప్పు తప్పేనంటారు కదా. ఆ రోజు స్వామి ముందు నిలబడింది నేను. ఆవిడ కాదు. ఆవిడ గుర్తు చేసింది, అంతే.”

నరసింగరావు ఆమె ముఖం చూశాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆ ముఖం ఎప్పుడు ఎంతవరకూ వంగుతుందో, ఎక్కడ వంగదో ఆయనకు తెలుసు. “మరి మన పిల్ల?” అని మాత్రం అడిగాడు. అడిగి, జవాబు కోసం నిలబడకుండా గంగులు నాయుడి వెనక వెళ్లిపోయాడు.

మన పిల్ల. పొద్దున్నే లేపితే దుప్పటి ముసుగు తియ్యని నీలవేణి, ఇవాళ తల్లి కంటే ముందు లేచింది. సంచి సర్దింది. పెట్టెలో అడుగున ఉన్న ఉన్ని శాలువ తీసి, దులిపి, మడత పెట్టి సంచిలో పైన పెట్టింది. “అదెందుకే?” అంటే, “సాయంత్రం సముద్రం గాలి చలేస్తుందట” అంది. “ఎవరు చెప్పారు?” అంటే పొయ్యి ముందు కూర్చుని, వెలుగుతున్న పొయ్యినే మళ్లీ ఊదింది. ఆ పిల్ల ఏదీ అడగదు. చిన్నప్పుడు కూడా అంతే. తిరనాళ్లలో బొమ్మ కావలసి వస్తే బొమ్మ కేసి చూసేది కాదు, తల్లి చెయ్యి గట్టిగా పట్టుకునేది.

సత్యవతి లోపలికి వచ్చేసరికి దేముడమ్మ వంటింట్లో పీట మీద కూర్చుని ఉంది. పొయ్యి ఆరిపోయింది. ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు కూర్చున్నారు.

“జగ్గడు నాకేటీ సెప్పలేదు,” అంది దేముడమ్మ. “మొన్నొచ్చినప్పుడు, అమ్మా, పెరట్లో నుయ్యి దగ్గిర తట్టి కట్టించు, ఆడపిల్లలు తానం సెయ్యడానికి ఇబ్బంది అన్నాడు. మనింట్లో ఆడపిల్లలెవులున్నార్రా అన్నాను. గేదెలాగ నవ్వేడు.”

“మా ఇంట్లోనూ అదే నవ్వు,” అంది సత్యవతి. “గేదెకు జ్వరం చూస్తూ నవ్వుతాడు.”

ఇద్దరికీ నవ్వు వచ్చింది, నిలవలేదు.

“ఇద్దరూ ఇటు రండే,” అని పంచలోంచి పిలిచింది ముసలమ్మ.

వెళ్లి చాప అంచున కూర్చున్నారు. ముసలమ్మ వత్తుల బుట్ట పక్కకు నెట్టి సత్యవతి చెయ్యి తన ఒడిలోకి తీసుకుంది. ఆ చెయ్యి పొడిగా, వెచ్చగా ఉంది.

“నా మీద కోపమొచ్చిందేటే?”

“లేదండి.”

“రావాల. నాకే నా మీద వస్తాది. నా మనవడు నాకు సేదా? ఆ గుంట మంచిదని ఆడి మొకం సూస్తే తెలీదా? కాని కట్టిన ముడి కట్టినట్టుండగా, నేదని కళ్లు మూసుకుని పెల్లి సేస్తే, రేపు ఆ ఇంట్లో పిల్లకి జరమొచ్చినా మీరిద్దరూ ఒకరి మొకం ఒకరు సూసుకుంతారు. అందుకు సెప్పినాను.” ముసలమ్మ కొంచెం ఆగింది. “ముడి తెంపీడానికి దారుంది.”

దేముడమ్మ తలెత్తింది. “తెంపీడమేటి అత్తా?”

“పేరు. పేరెట్టి పిలవకూడదన్నదే కదా నేస్తరికం. పేరెట్టి పిలిస్తే తెగిపోతాది. సముద్రం సాచ్చికంగా నిలబడి, ఒకత్తి పిలవాల, రెండోది పలకాల. పిలుపొక్కటే సాలదు, పలకాల. ఒక్కపాలే. రెండోపాలి పిలవడానికి నేదు. పలికినాక మీరిద్దరూ ఒకరికొకరు ఏటీ కారు. అప్పుడు సక్కగా వియ్యమందుకోండి. నానే దగ్గిరుండి పసుపు దంచిస్తాను.”

“ఏటీ కామా?” అంది దేముడమ్మ. “ఇప్పుడే కదా దొరికినాది.”

ముసలమ్మ ఆ మాట వినపడనట్టు వత్తుల బుట్ట దగ్గరకు లాక్కుంది. ఆమె చెవులకు అప్పుడప్పుడు జాలి కూడా తెలుసు.

పొద్దు వాలుతుండగా ఇద్దరూ పెరటి తోవన సముద్రం దగ్గరకు వెళ్లారు. ఓడలు రావడం మానేసిన రేవు అది. పాత గిడ్డంగుల పెంకులు సగం జారిపోయి, గోడల మీద కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం బొమ్మలు మాత్రం కొత్తగా మెరుస్తున్నాయి. ఒడ్డున తెప్పలు ఆరబెట్టి ఉన్నాయి. దూరంగా దీపస్తంభం కింద రెండు ఆకారాలు కనిపించాయి. ఒకరు చేతులూపుతూ ఏదో వివరిస్తున్నారు. అది నరసింగరావే అయి ఉంటాడు. మార్గశిరపు గాలి తడి ఇసక మీదుగా వచ్చి కాళ్లకు చుట్టుకుంటోంది. సత్యవతి శాలువ విప్పి, సగం తను కప్పుకుని సగం నేస్తం భుజం మీద వేసింది.

“ఎవులి శాలువ? మెత్తగున్నాది.”

“నీలవేణిది.”

దేముడమ్మ శాలువ అంచు వేళ్లతో తడిమి చూసింది.

“నువ్వు పిలువు,” అంది సత్యవతి. “నేను పలుకుతాను.”

“నావల్ల కాదు. నోరు రాదు.”

“నాకు మాత్రం వస్తుందేటి?”

“వస్తాది. నీకు కూతురుంది.”

“నీకు కొడుకు లేడూ?”

“మగపిల్లడు ఆడేదో పడతాడు. కొన్నాళ్లు అన్నం సరిగ్గా తినడు. ఆడపిల్ల అలగ కాదు, నీకు తెలుసు.” దేముడమ్మ ఇసకలో కాలివేలితో ఒక గీత గీసి చెరిపేసింది. “ఇంకోటి కూడా ఉంది. నువ్వే పిలవాల. ఎందుకో సెప్తాను, నవ్వకు.”

“నవ్వను.”

“ఈ దేముడమ్మ ఎవులు? నాకు తెలీదు. నాను కాపరానికొచ్చిన రోజు మా అత్త గుమ్మంలో ఆపి, నీ పేరేటే అనడిగింది. సెప్పినాను. అందరూ నోళ్లు నొక్కుకున్నారు. మా అత్త పేరూ అదే. కన్నతల్లి పేరెట్టి పెళ్లాన్నెలగ పిలుస్తాడు? అప్పటికప్పుడు దేముడి గూటి దగ్గిర నిలబెట్టి, ఈయేల్టినుంచి దీని పేరు దేముడమ్మ అన్నారు. పారాణి కాళ్లతో గడప దాటినాను, పేరు గడప బయటే ఉండిపోనాది. మా అమ్మ బతికున్నన్నాళ్లూ అమ్మొకత్తి పిలిసీది, సాటుగా. అమ్మ పోయినాక ఆ పేరెట్టి నన్ను పిలిసినోల్లు ఇంకెవులున్నారు? నువ్వొకత్తివి. నువ్వు పిలవకూడదు.”

సత్యవతి జారుతున్న శాలువను నేస్తం భుజం మీద మళ్లీ సర్దింది.

“పండగల్లో తలస్నానం సేసి కూకున్నప్పుడు ఒక్కోపాలి అనుకుంటాను. నా పేరు ఎవులైనా పిలిస్తే ఎలగుంటాదో అని. నాకు నానే మెల్లిగా పిల్సుకుంటే బాగుండలేదు. సొంత నోటితో పిల్సుకుంటే అది పిలుపు కాదు.” ఆమె నవ్వింది. “ఇనాలనుంది, నేస్తం. ఇన్నాక నువ్వు నాకేటీ కావు. అదొక్కటే.”

“వియ్యపురాలిని అవుతాను కదే.”

“వియ్యపురాల్లు దొరుకుతారు. పొరుగూరు ఎల్తే ఇంకో వియ్యపురాలు. ఈ గాలిలో శాలువ సగం నువ్వు కప్పుకుని సగం నాకు కప్పీదెవులు?”

సత్యవతి శాలువ అంచు పిడికిట్లో పట్టుకుంది. కూతురి కోసం ఏదైనా చేస్తానని తల్లులందరూ అంటారు, తనూ అనుకుంది. ఏదైనా అన్నప్పుడు నగలూ నిద్రా ఆకలీ మనసులో ఉంటాయి. పొద్దున లేచేసరికి లేని మనిషి మధ్యాహ్నానికి దొరికి, సాయంత్రానికి ఆ మనిషినే ఇచ్చెయ్యవలసి వస్తుందని ఉండదు. ఇయ్యకపోతే? బొబ్బిలి తిరిగి వెళ్లి నీలవేణితో ఏమని చెప్పాలి? అతను నీకు అన్న అవుతాడమ్మా అని చెప్పాలి. ఆ పిల్ల ఎందుకని అడగదు. వెలుగుతున్న పొయ్యిని మళ్లీ ఊదుతుంది. ఆ తరవాత జీవితమంతా దేనికేసీ చూడకుండా, తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుని నడుస్తుంది.

“పిలిచాక కూడా,” అంది సత్యవతి, “నీ వంటింట్లోకి నేను సరాసరి వస్తాను. వియ్యపురాలిలా పంచలో కూచోను.”

“రా. నాను మర్యాద సెయ్యను.”

“పొంగడాలు నేనే పెట్టుకు తింటాను.”

“తిను. మాడినవి నీకే ఎడతాను.”

సూర్యుడు ఊరి వెనక తాటితోపుల్లోకి దిగిపోయాడు. నీళ్ల మీద మాత్రం ఇంకా వెలుగుంది. దేముడమ్మ శాలువ లోంచి బయటికి జరిగి, మడమలు తడిసేంత ముందుకు వెళ్లి, సముద్రానికి వీపు పెట్టి నిలబడింది. చెదిరిన జుట్టు చెవుల వెనక్కి తోసుకుంది, పైట సవరించుకుంది. పెళ్లిచూపులకు కూర్చోబెట్టిన పిల్ల సర్దుకున్నట్టు సర్దుకుంది. చేతులు రెండూ ముందుకు కట్టుకుని, కళ్లు మూసుకుంది.

“ఊఁ. పిలువు.”

సత్యవతి నోరు తెరిచింది. ఆ పేరు ఎప్పటిదో. నరసన్నపేట వీధిలో, నేస్తం కట్టకముందు, గోడ మీద గడ్డం ఆనించి ఎన్నిసార్లు కేకేసిందో. నాలుక మరిచిపోయిందనుకుంది. మరిచిపోలేదు. లోపలెక్కడో తడి ఆరకుండా ఉంది. గాలికి ఎదురుగా, గట్టిగా, చిన్నప్పుడు ఆటకు పిలిచినట్టే పిలిచింది.

“కూర్మమ్మా.”

దేముడమ్మ ముఖం మారిపోయింది. మూసుకున్న కళ్ల కింద నుంచి నీళ్లు జారాయి, పెదవులు విడ్డాయి. ఆ పేరు లోపలికంటా దిగేదాకా ఉండనియ్యాలని కాబోలు, వెంటనే పలకలేకపోయింది.

ఆ ఒక్క క్షణంలో, వెనక ఇసక దిబ్బ మీది నుంచి, “ఓయ్. ఏటమ్మా?” అని జవాబు వచ్చింది.

ఇద్దరూ ఉలిక్కిపడి చూశారు. మోకాళ్ల నొప్పులతో పంచ దిగి ఎరగని ముసలమ్మ, కర్ర ఊతంతో దిబ్బ మీద నిలబడి ఉంది. ఇంట్లో ఒక్కత్తీ కూర్చోలేక, ఏమవుతుందో చూసుకుందామని వాళ్ల వెనకే మెల్లిగా నడిచి వచ్చినట్టుంది. ఆమెను పేరు పెట్టి పిలవవలసినవాళ్లు ఆమె కంటే పెద్దవాళ్లు. వాళ్లెవరూ ఇప్పుడు లేరు. ఏనాటి నుంచో అత్తా, అమ్మా, మామ్మా అన్న పిలుపులే. ఇవాళ సముద్రం ఒడ్డున ఎవరో పేరు పెట్టి, అంత ఆప్యాయంగా పిలిచారు. పలికింది.

పలికాక తెలిసింది. ముసలమ్మ చెయ్యి నోటి మీదికి వెళ్లింది.

“నాను పలకలేదు నేస్తం,” అంది దేముడమ్మ. అది సంతోషమో భయమో సత్యవతికి బోధపడలేదు. “పలకబోయినాను. అంతలోకే అత్త పలికేసింది.”

“ఒక్కసారే అన్నారు కదండీ,” అంది సత్యవతి ముసలమ్మతో. “పిలిచేశాను.”

“పిలిసినావు.”

“పలికింది మీరు.”

“నానే.”

“మరి మా నేస్తరికం తెగినట్టా, తెగనట్టా?”

ఊరందరికీ ఆచారం చెప్పే ఆ మనిషి, కోడలి కేసి చూసింది. సత్యవతి కేసి చూసింది. తరవాత చేతికర్ర ఇసకలో గుచ్చి, రెండు చేతులూ దాని మీద ఆనించి, ఎవరినైనా అడిగి చెప్పాలన్నట్టు సముద్రం కేసి చూస్తూ నిలబడిపోయింది.